ఎవ్వరి చూపూ పడని ఆకు

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా ఇంటి చిక్కుడు తీగ గోడ దాటి పక్కింటి వైపు వెళ్ళిపోయింది. వెళ్ళి ఊరుకోలేదు. అక్కడే పూసింది, అక్కడే కాసింది. మా వాకిట్లో మాత్రం సన్నగా సాగిన కాడలు, పాలిపోయిన ఆకులు తప్ప ఒక్క పువ్వు లేదు. ఇప్పుడు చెబుతుంటే నవ్వొచ్చే సంగతే గానీ, ఆ తీగ మూలంగా ఒక మంచి మనిషి మా గడప తొక్కకూడదనే దాకా వచ్చింది.

మాది మిర్యాలగూడ పక్కన వేములపల్లి. సాగర్ కాలువ నీళ్ళు వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. ఊరి చుట్టూ ఎటు చూసినా వరి. ఇంటి దగ్గర కాయగూరల సేద్యమంతా మా నాయనమ్మది. ఆ చిక్కుడు విత్తనం ఆమె పుట్టిల్లు నిడమనూరు నుంచి తెచ్చుకున్నది. ఏటా మంచి కాయలు కొన్ని తీగ మీదే ఎండనిచ్చి, గింజలు ఒలిచి, గుడ్డలో మూటగట్టి దాచేది. చలికాలం వచ్చిందంటే మా వాడకట్టులో ప్రతి ఇంటికీ ఆమె చేతి చిక్కుళ్ళు వెళ్ళాల్సిందే. ఒడి నిండా కాయలు పోసుకుని ఇల్లిల్లూ తిరిగి పంచేటప్పుడు ఆమె నడకే వేరుగా ఉండేది. అందుకే ఆ ఏడాది తీగ కాయకపోవడం ఆమెకు కూర దొరకకపోవడం కాదు, నలుగురిలో తలవంపు.

పక్కింట్లో ఒక అక్క ఉండేది. ఆ ఎండాకాలంలోనే భర్తతో కలిసి కిరాయికి దిగింది. ఆయనకు మిర్యాలగూడలో రైస్ మిల్లు పని. వాళ్ళది కోదాడ వైపు కావడంతో ఆమె మాట మా మాటలా ఉండేది కాదు. మేము 'సూడు' అంటే ఆమె 'చూడండి' అనేది. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. ఇంట్లో కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. కత్తిరించగా మిగిలిన గుడ్డ ముక్కలన్నీ నాకే. బడి వదలగానే పుస్తకాల సంచి ఇంట్లో పడేసి ఆమె మిషను పక్కన చేరేదాన్ని. ఆ ముక్కలతో బొమ్మలకు చీరలు కట్టడం ఆమే నేర్పింది.

ఆ ఏడాది మా అమ్మ కడుపుతో ఉంది. వానాకాలం మొదట్లోనే నాయనమ్మ మా నాన్నను పిలిచి వాకిట్లో పందిరి గట్టిగా వేయమంది. బాలింత ఉండే ఇల్లు, చుట్టాలు వచ్చిపోతారు, వాన పడినా ఎండ కాసినా ఎవరికీ ఇబ్బంది ఉండకూడదని ఆమె ఆలోచన. అంతకు ముందు అక్కడ ఉన్నవి గుంజలు, వాటి మీద అడ్డంగా వేసిన కట్టెలు మాత్రమే. చిక్కుడు తీగ గుంజ పట్టుకుని ఎక్కి, కట్టెల మీద హాయిగా పరుచుకునేది. ఈసారి నాన్న కట్టెల మీద తాటాకులు కప్పి, వాటి మీద లారీల వాళ్ళు వాడే టార్పాలిన్ పరిచి తాళ్ళతో బిగించాడు. తీగ ఎప్పటిలాగే గుంజ ఎక్కింది. పైకి దారి లేక పందిరి కిందే పాకుతూ పోయి, గోడ దగ్గర సందు దొరికితే అవతలికి దిగింది.

చలి మొదలయ్యేసరికి అక్క వైపు ఊదారంగు పూలు, వాటి వెనకే గుత్తులు గుత్తులుగా కాయలు. అక్క తన కోసం ఒక్క కాయ ఉంచుకోలేదు. కోసి గిన్నెలో వేసి, గోడ మీద పెట్టి, "పెద్దమ్మా, మీ చిక్కుళ్ళు" అని పిలిచేది. నాయనమ్మ మొదట్లో తీసుకుంది. తర్వాత ఆ గిన్నెను చూసీ చూడనట్టు వదిలేయడం మొదలుపెట్టింది. కాయలు గోడ మీదే వాడిపోయేవి.

"మన తీగ, మన నీళ్ళు, మన ఎరువు. కాపేమో ఆమె దిక్కు. గిదేం లెక్క" అని తనలో తాను గొణుక్కునేది.

అంతలో తమ్ముడు పుట్టాడు. ఒకరోజు అక్క వాణ్ణి చూడటానికి వచ్చి, లోపలికి రావచ్చో లేదో తెలియక తలుపు దగ్గరే నిలబడి తొంగిచూసి వెళ్ళింది. ఆ సాయంత్రం వాడు పాలు తాగలేదు. గుక్కపట్టి ఏడ్చాడు. నాయనమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. తెల్లవారేసరికి వాడు మామూలుగా పాలు తాగాడు గానీ, నాయనమ్మ మనసులో లెక్క కుదిరిపోయింది.

"ఆమె సూపు మంచిది గాదు" అంది నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని. "తీగ మీద కన్నేసింది, తీగ అటు వోయింది. పిల్లగాన్ని సూసింది, వాడు పాలిడిసిండు. ఇగ ఆమె మన గడప తొక్కొద్దు. నువ్వు గూడ ఆడికి వోవద్దు."

మా రెండిళ్ళ మధ్య గోడ పెద్ద ఎత్తు కాదు. అవతల గబగబా నడుస్తున్న మిషను చప్పుడు ఆగిపోవడం నాకు వినిపించింది. లోపల మంచం మీద అమ్మ కూడా విన్నది. అత్తగారికి ఎదురు చెప్పే కోడలు కాదు ఆమె. ఆ రోజు సాయంత్రం నుంచి గోడ మీద గిన్నె కనబడలేదు.

అమ్మకు సాయంగా ఉండటానికి సూర్యాపేట నుంచి మా చిన్నమ్మ వచ్చింది సరిగ్గా ఆ వారంలోనే. అమ్మకు చెల్లెలు. కాలేజీలో మొక్కల చదువు చదివేది. నేను ఆమె ఒళ్ళో తలపెట్టి జరిగిందంతా ఏడుస్తూ చెప్పాను. నాయనమ్మతో పోట్లాడుతుందేమో అనుకున్నాను. ఆమె పోట్లాడలేదు. పందిరి కింద నులకమంచం వేసుకుని వెల్లకిలా పడుకుని చాలాసేపు పైకి చూసింది. తర్వాత లేచి, తీగ మొదలు నుంచి కొస దాకా చేత్తో తడుముకుంటూ వెళ్ళింది. గోడ దగ్గర ఆగి, మునివేళ్ళ మీద నిలబడి అవతలికి చూసింది.

"ఈ తీగ అటు ఎందుకు వోయిందంటవ్?" అని నన్ను అడిగింది.

"అక్క మంచిది గదా, అందుకే" అన్నాను.

ఆమె నవ్వి, నా జడ సర్ది, "మంచిదే. గని తీగకు ఆ సంగతి తెల్వదు. రేపు సూద్దాం దా" అంది.

మర్నాడు నన్ను కాలువ దగ్గరకు తీసుకెళ్ళింది. నీళ్ళలో ఆకుపచ్చగా కదిలే నాచు మొక్కను వేళ్ళతో లాగి, తెచ్చిన గాజు గ్లాసులో నీళ్ళు పోసి అందులో ముంచింది. ఎండలో పెట్టి చూడమంది. కాసేపటికి ఆ నాచు కొసల నుంచి గాలి బుడగలు లేవడం మొదలైంది. ఒకదాని వెనక ఒకటి, సన్నని పూసల దండలా. చిన్నమ్మ తన కొంగు అడ్డం పట్టి గ్లాసుకు నీడ చేసింది. బుడగలు నెమ్మదించి, చివరికి ఆగిపోయాయి. కొంగు తీస్తే మళ్ళీ వచ్చాయి. నేను గ్లాసు లాక్కుని, నీడలోకి ఒకసారి, ఎండలోకి ఒకసారి తిప్పుతూ బడి సంగతే మరిచిపోయాను. అక్కడ ఊదేవాళ్ళు ఎవరూ లేరు. ఎండ తగిలితే నాచు ఊపిరి వదులుతోంది.

"మొక్క ఏం తింటది?" అని అడిగింది చిన్నమ్మ, ఇంటికి నడుస్తూ.

"నీళ్ళు, ఎరువు."

"ఎరువు మనకు ఉప్పు, కారం అసుంటిది. ఉప్పు తిని బతుకుతమా? అన్నం గావాలె. ఆ అన్నం మొక్కే వండుకుంటది. ఎవ్వరూ పెట్టరు."

ఎలా వండుకుంటుందో ఆ సాయంత్రం ముగ్గుపిండితో నేల మీద వేసి చూపించింది. ముందు పెద్ద ఆకు గీసింది. దానిలోపల పక్కపక్కనే అంటుకున్నట్టు చిన్న చిన్న గదులు గీసింది. ఆకును ఎంత సన్నగా చీల్చినా కంటికి కనబడనంత చిన్నవట ఆ గదులు, కాలేజీలో సూక్ష్మదర్శిని కింద పెడితే కనబడతాయట. ప్రతి గదిలో పిండితో చుక్కలు పెట్టి, ఆ చుక్కలే ఆకుపచ్చ రేణువులు అని చెప్పింది. ఆకు పచ్చగా ఉండేది వాటి వల్లే. వాటిలో ఉండే రంగు పేరు పత్రహరితం. వేరు తాగిన నీళ్ళు ఈనెల వెంట కాలువలో వచ్చినట్టు వచ్చి ఈ గదులకు చేరతాయి. ఆకు అడుగున సన్నని నోళ్ళు ఉంటాయి, వాటి గుండా గాలి లోపలికి పోతుంది. మనం వదిలే గాలిలో ఉండే బొగ్గుపులుసు వాయువే వాటికి కావలసింది. ఇక పొయ్యి కింద మంట బదులు ఎండ. ఎండ తగలగానే ఆ పచ్చ రేణువులు నీటిని విడగొడతాయి. నీటిలోంచి విడిపోయిన ప్రాణవాయువు బయటికి పోతుంది. నేను గ్లాసులో చూసిన బుడగలు అవే. మిగిలినదానితో, ఎండ ఇచ్చిన బలంతో, గాలిలోంచి తీసుకున్న వాయువును కలిపి చక్కెర తయారు చేస్తాయి. అప్పటికప్పుడు ఖర్చు కాని చక్కెరను గంజిపిండిగా మార్చి దాచుకుంటాయి.

"రాత్రయితే?" అని అడిగాను.

"వంట బందు. దాచుకున్న గంజిని మళ్ళ చక్కెర జేసి, కాడకు, వేరుకు, కాయకు పంపుకుంటది."

గాలిలోంచి చక్కెర ఎలా వస్తుందో నాకు ఎంతకీ ఊహకు అందలేదు. మళ్ళీ మళ్ళీ అడిగాను. తనకూ అందులో అన్ని మెట్లూ తెలియవని, తెలుసుకోవడానికే చదువుతున్నానని చెప్పింది. పెద్దవాళ్ళు తెలియదని చెప్పడం నేను అదే మొదటిసారి వినడం. అంతవరకూ పెద్దవాళ్ళకు అన్నీ తెలుసనుకునేదాన్ని.

నాయనమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ఇటు చూడటం లేదు గానీ, బియ్యంలో చెయ్యి ఆడించడం ఎప్పుడో ఆపేసింది.

చిన్నమ్మ మిర్యాలగూడ వెళ్ళి, దవాఖానలో తెలిసిన కంపౌండరు దగ్గర టింక్చరు, కాస్త స్పిరిటు తెచ్చింది. దెబ్బలకు పూసే గోధుమరంగు టింక్చరు అయోడిన్ అది. ముందు వంటింట్లో వంచిన గంజిలో ఒక చుక్క వేసింది. గంజి ఒక్కసారిగా సిరా పోసినట్టు నీలినల్లగా మారింది. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. అన్నం మెతుకు మీద వేశాను, నల్లబడింది. జొన్నరొట్టె ముక్క, నల్లబడింది. ఉప్పు మారలేదు. బెల్లం కూడా మారలేదు. గంజిపిండి ఎక్కడ ఉంటే అక్కడ టింక్చరు నల్లబడుతుందని చిన్నమ్మ చెప్పకముందే నాకు అర్థమైపోయింది.

"ఇంట్లున్న తిండంత నల్లగ జేస్తున్నరు" అని నాయనమ్మ విసుక్కుంది. కానీ లేచి వచ్చి, నల్లబడిన మెతుకును వేలితో తిప్పి చూసింది.

చిన్నమ్మ ఎదురుచూస్తున్నది ఆమె అలా దగ్గరికి రావడం కోసమే అనుకుంటాను. వెళ్ళి నాయనమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అత్తమ్మా, పక్కింటామె సూపు నిజంగనే అసుంటిదైతే మనకు తెలవాలె. పసిపిల్లగాడున్న ఇల్లు. ఊకె అనుకునుడు ఎందుకు, జర పరీక్ష జేసి సూద్దాం."

నాయనమ్మ అనుమానంగా చూసింది. చిన్నమ్మ తన ఉపాయం చెప్పింది. గోడ మీద ఎండ తగిలే చోట ఒకే కాడకు ఉన్న రెండు ఆకులను నాయనమ్మే ఎంచాలి. ఒక ఆకును నల్ల కాగితంతో చుట్టి కట్టేయాలి. దాని మీద ఎవ్వరి చూపూ పడదు. రెండోది అలాగే వదిలేయాలి. పక్కింటి అక్క రోజూ వచ్చి దాన్ని కళ్ళారా చూడాలి. కొన్నాళ్ళయ్యాక రెండు ఆకులూ తెంపి, దేనిలో గంజి ఉందో, ఏది ఖాళీగా ఉందో టింక్చరుతో తేల్చుకోవచ్చు. చూపు సోకి ఎండిపోయే ఆకు ఏదో అదే బయటపడుతుంది.

తన మాట మీద నాయనమ్మకు ఏ సందేహమూ లేదు. "కానియ్" అంది.

ఆకులు ఎంచింది ఆమే. ఫొటోలు తీసేవాళ్ళ దగ్గర తెచ్చిన దళసరి నల్ల కాగితాన్ని ఆకుకు రెండు వైపులా పెట్టి కుట్టినట్టు కట్టింది కూడా ఆమే. రెండో ఆకు కాడకు గుర్తుగా ఎర్రదారం చుట్టింది.

అక్కను అడగటానికి చిన్నమ్మతో నేనూ వెళ్ళాను. చిన్నమ్మ ఏదీ దాచకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అక్క మిషను మీద చేతులు పెట్టుకుని, సూదిలోంచి జారిన దారాన్ని చూస్తూ విన్నది.

"చూస్తే పాడైపోద్దన్నారుగా" అంది చివరికి. "ఇప్పుడు చూడమంటున్నారా?"

చిన్నమ్మ తల వంచుకుంది.

"సరే, చూస్తాను. కానీ ఆ ఆకు ఖాళీగా వచ్చిందనుకోండి, అప్పుడిక మీరు కూడా నన్ను పలకరించరుగా?"

"ఏమొచ్చినా పలకరిస్త అక్కా" అంది చిన్నమ్మ. "నా మాట నమ్మండి."

మర్నాటి నుంచి పొద్దున్నే, ఎండ గోడ మీదికి రాగానే, అక్క తన వైపు నిలబడి ఎర్రదారం కట్టిన ఆకును చూసేది. నాయనమ్మ మా వైపు రోలు బోర్లించుకుని దాని మీద కూర్చుని, ఆమె సరిగ్గా చూస్తోందా లేదా అని కాపలా కాసేది. మొదటి రోజు ఇద్దరి మధ్యా మాటే లేదు. అక్క పెదవులు బిగించుకుని నిలబడింది. నాయనమ్మ ముఖం చిట్లించుకుని కూర్చుంది. నేను ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ గుంజ పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత ఒకరోజు అక్క ఉండబట్టలేక, "పెద్దమ్మా, ఈ కొసన పేను పట్టిందండీ" అంది.

నాయనమ్మ మెడ చాచి ఆ కొసను చూసింది. "బూడిద సల్లాలె" అంది.

"మా పొయ్యిలో ఉంది. చల్లనా?"

"పొద్దుగాల సల్లు. మంచు తడి మీద పట్టుకుంటది."

ఆ మర్నాడు అక్క బూడిద చల్లింది. అయితే ఎర్రదారం ఆకు మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టింది. పరీక్ష పాడుకాకూడదని ఆమెకూ ఉంది.

చిన్నమ్మ చెప్పిన రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం దాటాక, ఎండ బాగా తిన్న తర్వాత, రెండు ఆకులూ తెంపారు. గోడ అవతల అక్క నిలబడి ఉంది. ముందు ఆకులను మరుగుతున్న నీళ్ళలో ముంచింది చిన్నమ్మ. తర్వాత ఆ నీళ్ళ గిన్నెను పొయ్యి మీద నుంచి దించి, మంటకు దూరంగా వాకిట్లోకి తెచ్చింది. స్పిరిటుకు నిప్పు అంటుకుంటుందని నన్ను దగ్గరకు రానివ్వలేదు. స్పిరిటు పోసిన గ్లాసులో ఆకులు వేసి, ఆ గ్లాసును వేడినీళ్ళలో నిలబెట్టింది. చూస్తుండగానే స్పిరిటు పచ్చబడింది. ఆకులేమో రంగు పోయి ఉడికిన ఉల్లిపొరల్లా తేలాయి.

"పచ్చదనమంత దిగిపోయింది" అంది నాయనమ్మ, ముందుకు వంగి.

ఆకులను కడిగి తెల్లటి పళ్ళెంలో పరిచి, చిన్నమ్మ టింక్చరు సీసా నాయనమ్మ చేతికే ఇచ్చింది. ఆమె ఒక్కో చుక్క వేసింది. ఎర్రదారం ఆకు, అక్క రోజూ చూసిన ఆకు, ఈనెల అంచులతో సహా నీలినల్లగా మారిపోయింది. నల్ల కాగితంలో దాచిన ఆకు మీద టింక్చరు దాని సొంత గోధుమరంగులోనే నిలిచిపోయింది. అందులో గంజి లేదు. ఎవ్వరి చూపూ పడని ఆకే పస్తు ఉండిపోయింది.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాయనమ్మ పళ్ళెం పైకెత్తి ఎండకు పట్టి చూసింది. దించి, "కాగితంల గట్టేస్తే దానికి ఊపిరాడలేదేమో" అంది.

చిన్నమ్మ ముఖం చిన్నబోతుందనుకున్నాను. ఆమె సంతోషపడింది. "మంచిగ అడిగిన్రు అత్తమ్మా. అది గూడ సూడాలె" అని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఒక ఆకుకు నల్ల కాగితం, పక్క ఆకుకు మిఠాయి డబ్బా మీద వచ్చే, అవతలికి కనబడే గాజు కాగితం, రెండూ ఒకే తీరుగా బిగించి కట్టారు. రెండింటికీ గాలి ఒకేలా అందుతుంది, ఒకదానికే వెలుతురు అందుతుంది. ఈసారి నాయనమ్మ రోలు మీద కూర్చోలేదు. గోడ దగ్గర నిలబడి, కట్టు వదులైందా అని తానే చూసుకునేది. అక్క అటు నుంచి, ఆమె ఇటు నుంచి. తమ్ముడి ఏడుపు వినబడితే అక్క ముఖం మా ఇంటి వైపు తిరిగేది. మళ్ళీ తానే తిప్పుకునేది. నాయనమ్మ అది చూసింది.

గాజు కాగితంలో ఉన్న ఆకు నల్లబడింది. నల్ల కాగితంలోది నల్లబడలేదు.

అప్పుడు నాయనమ్మ ఎవరూ చెప్పకుండానే లేచింది. పందిరి కిందికి వెళ్ళి, మా వైపు వేలాడుతున్న పాలిపోయిన ఆకును ఒకటి తెంపి తెచ్చింది. "దీన్ని గూడ సూడు" అంది. చిన్నమ్మ దాన్ని అలాగే ఉడికించి, రంగు దించి, పళ్ళెంలో పెట్టింది. టింక్చరు పడ్డాక ఎక్కడో చిన్న మచ్చగా మసకబారింది. మిగతాదంతా గోధుమరంగే.

నాయనమ్మ ఆ ఆకును చూసింది. తల ఎత్తి, తాను కప్పించిన తాటాకులను, వాటి మీది టార్పాలినును చూసింది.

"చింతచెట్టు నీడల మడి పండదని నాకు తెల్వదా" అంది మెల్లగా. "పుట్టి బుద్దెరిగినకాంచి సేద్యం జేస్తున్న. ఇంట్ల కండ్ల ముందట ఉంటే మాత్రం తోచలే."

మర్నాడు నాన్న తాళ్ళు కోసి టార్పాలిన్ లాగేశాడు. తాటాకులు దించాడు. అన్ని నెలల తర్వాత వాకిట్లో ఎండ పడింది. కొత్త చిగుళ్ళు వేసి, మా వైపు కూడా పూత కనబడటానికి చాలా రోజులే పట్టింది. అయితే నాయనమ్మ ఆ పూత దాకా ఆగలేదు.

తమ్ముణ్ణి తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేసే రోజు దగ్గరపడింది. ఎవరెవరిని పిలవాలో ఇంట్లో మాట్లాడుకుంటుంటే పక్కింటి పేరు ఎవరూ ఎత్తలేదు. చిన్నమ్మ కూడా ఎత్తలేదు. నేను ఎత్తబోతే నా చెయ్యి నొక్కింది. ఆకు సంగతి వేరు, పిల్లవాడి సంగతి వేరు అని నాయనమ్మ అనుకుంటే ఎవరూ చేయగలిగింది లేదు.

ఆ ఉదయం నాయనమ్మ స్నానం చేసి, ఇస్త్రీ మడతల చీర కట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని బయటికి నడిచింది. మా వాడకట్టులో పిలుపులకు కోడళ్ళను, కూతుళ్ళను పంపేది గానీ తాను వెళ్ళేది కాదు. నేను వెనకే పరుగెత్తాను. ఆమె సరాసరి పక్కింటి గడప ముందు ఆగింది. అక్క మిషను దగ్గర నుంచి లేచి వచ్చి గడప లోపల నిలబడింది. నాయనమ్మ ఆమె నుదుట బొట్టు పెట్టింది.

"పిల్లగాని తొట్టెల. అందరి కంటె ముందుగల నువ్వు రావాలె" అంది. ఇంకో మాట చెప్పాలనుకున్నట్టు పెదవులు కదిలాయి. ఆ మాట బయటికి రాలేదు. చేతిలో భరిణె మూత పెట్టుకోవడం మరిచిపోయి అలాగే నిలబడింది.

అక్క వచ్చింది. మళ్ళీ తలుపు దగ్గరే ఆగబోయింది. నాయనమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి, చాప మీద కూర్చోబెట్టి, తమ్ముణ్ణి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది.

"మెడ ఇంక నిలవలే. తలకాయ కింద చెయ్యి వెట్టు" అంది.

అక్క చెయ్యి పెట్టింది. వాడు కళ్ళు తెరిచి ఆమెను చూశాడు. ఆమె వాణ్ణి చూసింది. అమ్మ మంచం మీద లేచి కూర్చుని వాళ్ళిద్దరినీ చూస్తూ కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు వాడు ఏడవలేదని చెప్పను. ఏడ్చాడు, ఆకలేసి. పాలు తాగి మళ్ళీ ఆమె ఒళ్ళోనే నిద్రపోయాడు.

నేను ఇప్పుడు కోదాడలో ఉంటున్నాను. నాయనమ్మ, చిన్నమ్మ, పక్కింటి అక్క, ఆ ముగ్గురిలో ఎవరూ ఇప్పుడు లేరు. చిన్నమ్మ చెప్పిన మొక్కల చదువు తర్వాత నేను పుస్తకాల్లో ఇంకా చాలా చదువుకున్నాను. ఆ పచ్చ రేణువుల పేర్లు, అవి ఎండను పట్టుకునే పద్ధతి, ఆమెకు అప్పట్లో తెలియని మెట్లు కొన్ని కూడా తెలుసుకున్నాను. ఎవరి గురించైనా నలుగురూ ఒక మాట అంటున్నప్పుడు, ఇది నిజమో కాదో ఎలా తేల్చుకోవచ్చని అడగడం ఆమె దగ్గరే అలవాటైంది.

కానీ వయసు మీద పడుతున్న కొద్దీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది నాయనమ్మ. నిజం తెలిసిన తర్వాత, ఆ వయసులో, నలుగురూ చూస్తుండగా తానే నడిచి ఆ గడప దాకా వెళ్ళింది. ఎలా తెలుసుకోవాలో నాకు చిన్నమ్మ నేర్పింది. తెలిసిన తర్వాత ఏం చేయాలో నేర్పింది మాత్రం మా నాయనమ్మే. ఆ రెండోదే కష్టం. దాన్ని ఇప్పటికీ నేర్చుకుంటూనే ఉన్నాను.